ఉత్తరం రాయడానికి మొహమాటపడకు, బిడ్డా

హనుమకొండ

చిరంజీవి స్వాతికి,

మామ ఆశీస్సులు. చెన్నై మెట్రో రెండో దశ పనుల్లో, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున ఒప్పందాల విభాగాన్ని చూసుకోవడానికి నిన్ను తీసుకున్నారని మీ అమ్మ చెప్పగానే నాకు సంతోషం కలిగింది. ఫోను పెట్టేశాక భయం మొదలైంది. మీ అమ్మ భయాలు వేరు. అక్కడి ఎండ, అక్కడి తిండి, ఈసారి బతుకమ్మకు రాలేనని నువ్వు ఇప్పుడే చెప్పేయడం ఆమెను బాధపెడుతున్నాయి. నా భయమంతా నువ్వు సంతకం పెట్టబోయే కాగితాల గురించి. మన ఆర్‌ఈసీలో (నువ్వు ఎన్‌ఐటీ అనే అంటావు, అను) సివిల్ చదివిన పిల్లకు కాంక్రీటు గురించి నేను చెప్పేదేమీ లేదు. కానీ 118.9 కిలోమీటర్ల మార్గం, మూడు కారిడార్లు, రూ.63,246 కోట్ల అంచనా వ్యయం ఉన్న పనిలో ఎవరు ఎవరికి ఏ తేదీన ఏమి రాశారన్న దాని మీదనే కోట్ల రూపాయలు ఆధారపడి ఉంటాయి. ఆ సంగతి ఏ కాలేజీలోనూ గట్టిగా చెప్పరు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. కాంట్రాక్టు మొత్తాన్ని ఒకసారి చదువు. తర్వాత ప్రత్యేక షరతులను మళ్లీ చదువు, ఎందుకంటే సాధారణ షరతుల్లో ఇచ్చిన హక్కులను చాలాసార్లు అక్కడే వెనక్కి తీసుకుంటారు. రెండు పత్రాలు ఒకదానికొకటి పొసగకపోతే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజును గుర్తుపెట్టుకో. బ్యాంకు గ్యారంటీల గడువు తేదీలను, బీమా పాలసీల తేదీలను నీ టేబులు ముందు గోడకు అంటించు. గ్యారంటీ సొమ్మును ఎదుటివాళ్లు అడిగిన వెంటనే బ్యాంకు చెల్లించాలి. పచ్చి మోసమో, పూడ్చుకోలేని అన్యాయమో ఉందని చూపితే తప్ప కోర్టులు దాన్ని ఆపవు. గడువు దగ్గరపడినా నువ్వు పొడిగించకపోతే వాళ్లు ఆ సొమ్ము అడగవచ్చు, కాబట్టి పొడిగించడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు.

ఇక అసలు విషయం. విదేశీ అభివృద్ధి బ్యాంకుల అప్పుతో నడిచే ఇలాంటి పనుల్లో ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) అచ్చువేసిన నమూనా షరతులనో, వాటిని పోలిన వాటినో వాడడం పరిపాటి. నీ కాంట్రాక్టుకు ఏ ముద్రణ ఆధారమో మొదటి రోజే తెలుసుకో. 1999 ముద్రణలో 20.1 క్లాజు ప్రకారం, అదనపు గడువుకో డబ్బుకో కారణమైన సంఘటన తెలిసిన నాటి నుంచి, లేదా తెలిసి ఉండవలసిన నాటి నుంచి, 28 రోజుల్లోపు కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ హక్కు పోయినట్లే. వివరమైన క్లెయిముకు అక్కడ 42 రోజుల గడువు ఉంటే, 2017 ముద్రణలో 84 రోజులు ఉంది. 2017 ముద్రణ ఇంకొక మెలిక పెట్టింది: ఆ ఉత్తరం నోటీసు అని దాని మీదనే స్పష్టంగా ఉండాలి. 'తెలిసి ఉండవలసిన' అన్న మాటను తేలిగ్గా తీసుకోకు. మీ సైటు ఇంజనీరుకు తెలిసిన రోజే కంపెనీకి తెలిసినట్లు లెక్క కడతారు. అతను నీకు చెప్పడం మరిచిపోవడం మీ ఇంటి గొడవ.

మన కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ఇలాంటి గడువు షరతులు చెల్లవని వాదించే లాయర్లు ఉన్నారు. ఆ వాదన గెలవవచ్చు, ఓడవచ్చు. నీ ఉత్తరం 28 రోజుల్లోపు వెళ్లి ఉంటే ఆ వాదన అవసరమే రాదు.

ఈ ఒక్క విషయం మీద నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. గోదావరి దాటాక ఉత్తరాన ఒక రోడ్డు, దాని మీద చిన్న వంతెనలు, మట్టి కట్టల పని మా కంపెనీకి వచ్చింది. ఆ పని ఇచ్చిన ప్రభుత్వ విభాగం పేరు గానీ, కంపెనీ పేరు గానీ రాయను. మధ్యలో కొంత దూరం అడవి భూమి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ పని మొదలుపెట్టాలంటే కేంద్రం అనుమతి ఉండాలి, ఆ అనుమతి తెచ్చి భూమిని మాకు అప్పగించవలసింది ఆ విభాగమే. అనుమతి రాలేదు. రోలర్లు, టిప్పర్లు, అద్దె మిషన్లు, వాటి డ్రైవర్లు అందరూ అక్కడే ఉండిపోయారు. రెండు వానాకాలాలు గడిచాయి.

మా ప్రాజెక్టు మేనేజరు జనగామ వైపు మనిషి. చట్టం తెలియని వాడు కాదు, అదే కాంట్రాక్టు చట్టంలోని 55వ సెక్షన్ నాకు మొదట విడమరచి చెప్పింది ఆయనే. ఎదుటి పక్షం సమయానికి చేయవలసిన పనిని ఆలస్యంగా చేసినప్పుడు, మనం దాన్ని ఒప్పుకుంటూనే నష్టపరిహారం కోరుకుంటామని ఆ సమయంలోనే తెలియజేయాలి, లేకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంత తెలిసిన మనిషి ఒక్క ఉత్తరం కూడా పంపలేదు. కారణం మొహమాటం. అక్కడి ఇంజనీరు మంచివాడు. బిల్లులు ఆపేవాడు కాదు, మా వాళ్లకు జ్వరాలు వస్తే తన జీపు ఇచ్చేవాడు. "మీరు కాగితాలు పెట్టకండి, పైన నాకు ఇబ్బంది అవుతుంది, నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకునేవాడే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయనకు బదిలీ అయింది. ఆ తర్వాత వచ్చిన అధికారి ఫైలు తెరిచి చూస్తే, అందులో మా తరఫున ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఆయన దృష్టిలో, మిషన్లు పెట్టుకుని పని చేయని కాంట్రాక్టరు మేము.

అంతటితో ఆగినా బాగుండేది. పని గడువు దాటింది కాబట్టి పొడిగింపు కావాలని దరఖాస్తు పెట్టవలసి వచ్చింది. దానితో పాటు ఒక అచ్చు కాగితం ఇచ్చారు. ఈ ఆలస్యం వల్ల ఎలాంటి పరిహారమూ అడగబోమని అందులో ఒక వాక్యం. అది మార్చి నెలాఖరు. సంతకం పెట్టకపోతే ఆ ఏడాది నిధులు మురిగిపోతాయని, బిల్లు వచ్చే ఏడాదికి పోతుందని అన్నారు. కూలీల బకాయిలు ఉన్నాయి, డీజిల్ బంకు వాడు ఆఫీసు గుమ్మంలో కూర్చున్నాడు. మేనేజరు సంతకం పెట్టారు. చివరి బిల్లు నాడు క్లెయిములేవీ లేవన్న ధ్రువీకరణ మీద కూడా పెట్టారు. కోర్టుకు బదులు వివాదం తేల్చే మధ్యవర్తి (ఆర్బిట్రేటరు) ముందుకు వెళ్లినప్పుడు ఆయన అడిగింది ఒకటే: భూమి ఇవ్వలేదని మీరు ఎప్పుడు రాశారు? బలవంతంగా సంతకం పెట్టించారని మా లాయరు వాదించాడు. బలవంతం జరిగి ఉంటే అలాంటి ధ్రువీకరణ అడ్డు కాదన్నది నిజమే. కానీ బలవంతం జరిగిందని మర్నాడైనా రాసి ఉండాలి కదా. ఖాళీగా నిలబెట్టిన మిషన్ల పరిహారం మొత్తం కొట్టేశారు. కంపెనీ మిషన్లు అమ్ముకుంది. ఆ మేనేజరును తర్వాత ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆయనను ఎక్కువ కుంగదీసిందని నాకు అనిపించేది.

ఆ రోజుల్లో రాయవలసిన ఉత్తరం ఎంతో పెద్దది కాదు. "ఫలానా క్లాజు ప్రకారం ఫలానా తేదీకి మాకు అప్పగించవలసిన భూమి ఈ రోజు వరకు అందలేదు. అందువల్ల ఈ ఈ మిషన్లు, ఇంతమంది మనుషులు ఖాళీగా ఉన్నారు. దీనివల్ల కలిగే అదనపు సమయానికి, ఖర్చుకు మా హక్కును నిలుపుకుంటూ ఈ నోటీసు ఇస్తున్నాము. వివరాలు కాంట్రాక్టు గడువులోపు పంపుతాము. మీ సహకారానికి కృతజ్ఞతలు." ఇంతే. ఇందులో తిట్టు ఏముంది? నోటీసు ఇస్తే సంబంధాలు చెడతాయని నీకు అక్కడ అందరూ చెబుతారు. మీ కంపెనీ పెద్దలు కూడా చెబుతారు. నువ్వు నెమ్మదిగా, నవ్వుతూనే, ఉత్తరం మాత్రం పంపు. అవతలి అధికారికి కూడా అది మేలు చేస్తుంది. భూమి కోసమో డ్రాయింగు కోసమో తన పైవాళ్లను అడగడానికి అతని చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మెట్రోలో ఈ బెడద మరీ ఎక్కువ. సొరంగం తవ్వేవాళ్లు ఒకరు, స్టేషన్లు కట్టేవాళ్లు ఒకరు, పట్టాలు వేసేవాళ్లు, కరెంటు, సిగ్నళ్ల వాళ్లు వేరు వేరు. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితేనే కింది చెరువు నిండినట్లు, ముందు కాంట్రాక్టరు చోటు ఖాళీ చేసి ఇస్తేనే తర్వాతి వాడి పని మొదలవుతుంది. అందుచేత నీ కాంట్రాక్టులో ఏ తేదీకి ఏ చోటు అందాలో ఉన్న పట్టికను కంఠస్థం చేయి. పని ప్రోగ్రామును మొదట్లోనే ఆమోదింపజేసుకుని, ప్రతి మార్పునూ కంప్యూటరులో ఆ నాటి రూపంలోనే దాచు. ఒకే సమయంలో వాళ్ల ఆలస్యమూ మీ ఆలస్యమూ ఉంటే, గడువు దొరికినా డబ్బు దొరకడం కష్టం. మీ తప్పును మీ ఫైలులో దాచిపెట్టకు, నిజాయితీగా రాసుకో, ఎందుకంటే ఎదుటివాళ్ల దగ్గర దాని లెక్క ఉండనే ఉంటుంది.

సమావేశాల్లో మినిట్స్ రాసే పని ఆడపిల్లవని నీ మీదికి తోస్తారు. కోపం వస్తుంది, రావాలి కూడా. అయినా ఆ పని వదులుకోకు. మినిట్స్ ఎవరు రాస్తే చరిత్ర వాళ్లదే. అయితే మినిట్స్‌లో ఉంది కదా అని నోటీసు మానేయకు, రెండూ వేరు. వాట్సాప్‌లో చెప్పాం కదా అని అస్సలు అనుకోకు. కాంట్రాక్టులో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలో పంపి, అందినట్లు ముద్ర వేయించుకో.

మాటలకు ఎంత విలువ ఉంటుందో చూడాలంటే ఢిల్లీ ఎయిర్‌పోర్టు మెట్రో వివాదాన్ని తీరిక చేసుకుని చదువు. 2012 జూలైలో లోపాలు సరిచేయమని, ఆ లైను నడిపే హక్కు పొందిన ప్రైవేటు కంపెనీ ఢిల్లీ మెట్రో సంస్థకు నోటీసు ఇచ్చింది. గడువు 90 రోజులు. అక్టోబరులో ఒప్పందాన్ని రద్దు చేసింది. 2017లో మధ్యవర్తులు ఆ కంపెనీకి రూ.2,782 కోట్లకు పైగా ఇవ్వాలన్నారు, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్ (తుది తీర్పును మళ్లీ చూడమని వేసే ఆఖరి అర్జీ) మీద అదే సుప్రీంకోర్టు మధ్యవర్తుల తీర్పును పక్కన పెట్టింది. లోపాలు పూర్తిగా తొలగించడమే కాదు, తొలగించడానికి ఫలవంతమైన చర్యలు తీసుకున్నా చాలునని ఒప్పందంలో ఉన్న మాటను, రైలు భద్రతా కమిషనరు ఇచ్చిన అనుమతిని మధ్యవర్తులు పట్టించుకోలేదన్నది అందులో ముఖ్య కారణం. ఒక్క క్లాజులోని కొన్ని మాటల చుట్టూ పన్నెండేళ్లు గడిచాయి.

ఫిడిక్ షరతుల్లో తగవులు మొదట తేల్చడానికి ఉండే వివాదాల బోర్డు నిర్ణయం నచ్చకపోతే 28 రోజుల్లోపు అసమ్మతి తెలపాలి, లేకపోతే అదే ఖాయమవుతుంది. ఆర్బిట్రేషన్ ఉందిలే అన్న ధీమా వద్దు. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత, ప్రభుత్వ సంస్థలు రూ.10 కోట్లకు మించిన వివాదాలకు కొత్త కాంట్రాక్టుల్లో ఆ క్లాజు పెట్టడానికి వెనకాడుతున్నాయి. నీ కాంట్రాక్టులో ఏముందో చూసుకో.

ఇంకొకటి. నువ్వు పైవాళ్లకు కాంట్రాక్టరువి, కిందివాళ్లకు యజమానివి. ఇనుము కట్టే ముఠా నాయకుడికి, షట్టరింగ్ వాడికి 28 రోజుల నోటీసు సంగతి తెలియదు. పైనుంచి డబ్బు రాలేదని చెప్పి వాళ్ల బిల్లు ఆపడం తేలిక. చిన్న పరిశ్రమగా నమోదైన సరఫరాదారుకు 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టం చెబుతుంది, కానీ అడిగే ధైర్యం వాళ్లలో ఎందరికి ఉంటుంది? వాళ్ల కొలతలు నెలనెలా రాయించు. డీజిల్ బంకు వాడు గుమ్మంలో కూర్చున్న ఆ మార్చి సాయంత్రం గుర్తొచ్చే ఈ మాట రాస్తున్నాను.

మార్చి నెలాఖరులో ఎవరైనా ఒక కాగితం తెచ్చి, ఇది మామూలు ఫారమే, ఇప్పుడే సంతకం పెట్టు అంటే, ఆ రాత్రి పెట్టకు. తప్పనిసరి అయితే నీ హక్కులు నిలుపుకుంటున్నట్లు సంతకం పైన రాసి, నకలు ఉంచుకుని, అదే రోజు ఒక ఉత్తరం పంపు. ఆ తర్వాత నాకు ఫోను చేయి. ఒప్పంద పత్రాలు నాకు పంపకు, అవి మీ కంపెనీ రహస్యాలు. విషయం ఏమిటో పేర్లు లేకుండా చెబితే చాలు. రాత్రి పది దాటినా పర్వాలేదు, మీ అత్త విసుక్కుంటుంది గానీ ఫోను నాకే ఇస్తుంది. మీ అమ్మకు మాత్రం ఆదివారం పొద్దున్నే చేయి, ఆమెకు క్లాజుల గొడవ చెప్పకు.

నీ మామ