రేడియేషన్ తర్వాత ఎండిన నోరు, బిగిసిన దవడ

నాలుక క్యాన్సర్‌కు రేడియేషన్ ముగిసి మూడు నెలలైనా మీ నాన్నగారు ముద్ద మింగలేకపోతున్నారని, నోరు తెరవలేకపోతున్నారని రాశారు. మా అన్నయ్యదీ ఇదే కథ. లాలాజల గ్రంథులు దెబ్బతినడం వల్లే నోరు ఎండుతుంది. మొండితనం అనుకుని విసుక్కోకండి. లీటరు నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి తరచూ పుక్కిలించమనండి. చోడి (రాగి) అంబలి, మెత్తటి పెరుగన్నం పెట్టండి. ఆవకాయ జాడీ కంటబడనివ్వకండి, మా ఇంట్లో అటక ఎక్కించాం!

మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే దవడ బిగిసినట్లే. విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, చికిత్స చేసినచోట గానీ మింగడం, దవడ వ్యాయామాలు నేర్పేవారి గురించి వెంటనే అడగండి.

పన్ను నొప్పెడితే మాత్రం వీధి చివర క్లినిక్‌లో పీకించకండి. రేడియేషన్ తగిలిన దవడ ఎముక మానక పాడైపోవచ్చు. ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. మెడకూ రేడియేషన్ ఇచ్చి ఉంటే థైరాయిడ్ పరీక్ష సంగతీ ఆయననే అడగండి.