కేథలిక్ కళాశాలలో చదువుతున్న మా అమ్మాయి ఫోన్ ఎత్తడం మానేసింది

ప్రశ్న: మేము న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా ఒక్కగానొక్క అమ్మాయికి 19 ఏళ్లు. ఇంటి నుంచి ఆరు గంటల దూరంలో, కేథలిక్ సన్యాసుల సంఘమైన బెనెడిక్టైన్ మఠం ఆధ్వర్యంలో నడిచే ఒక చిన్న కళాశాలలో రెండో సంవత్సరం చదువుతోంది. మావారు విజయవాడ ఆంధ్ర లయోలాలో చదివారు. ఫాదర్ల దగ్గరైతే క్రమశిక్షణ ఉంటుందన్న నమ్మకంతో, మంచి స్కాలర్‌షిప్ కూడా రావడంతో అక్కడ చేర్పించారు. ఇప్పుడు అమ్మాయి ఆదివారం సాయంత్రాలు చర్చి కోయిర్‌లో పాడుతోంది. గత నెల వీడియో కాల్‌లో నుదుట బూడిదతో శిలువ గుర్తు కనిపించింది. బయాలజీ వదిలి ఫిలాసఫీ మేజర్ తీసుకుంటానంటోంది. మావారు కాలేజీకి ఫోన్ చేసి మార్కులు, హాజరు అడిగితే వాళ్లు చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచి అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు, ‘బాగానే ఉన్నాను’ అని మెసేజ్ మాత్రం పెడుతోంది. వెంటనే మాన్పించి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో చేర్చాలని ఆయన పట్టుబడుతున్నారు. ఊళ్లో మా అత్తగారికి తెలిస్తే ఏమవుతుందోనని నా భయం. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో మతం, చదువు, మౌనం అనే మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మీవారిని మొదటిది ఎక్కువగా బాధిస్తున్నట్టుంది. నన్ను మాత్రం మూడోది ఎక్కువగా కలవరపెడుతోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమ్మాయి కోయిర్‌లో పాడుతున్న రోజుల్లోనూ, నుదుట బూడిదతో కనిపించిన రోజునా మీతో మాట్లాడుతూనే ఉంది. నిజానికి ఆ గుర్తును దాచుకోవాలనుకుంటే తుడిచేసుకుని వీడియోలోకి వచ్చేది. ఆమె మాట్లాడటం మానేసింది తండ్రి తనను అడగకుండా కళాశాలను అడిగాడని తెలిశాకే. అమెరికాలో 1974లో వచ్చిన చట్టం ప్రకారం విద్యార్థి కళాశాలలో చేరినప్పటి నుంచి ఆమె విద్యా వివరాల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి ఆమెకే మారుతుంది. ఆమె అనుమతి లేకుండా ఫోన్‌లో మార్కులు చెప్పకపోవడం అక్కడి సిబ్బంది మీవారికి చేసిన అవమానం కాదని ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఆదాయపు పన్ను పత్రాల్లో ఆమెను మీ మీద ఆధారపడిన వ్యక్తిగా చూపిస్తున్నట్టయితే కళాశాల ఆ వివరాలు ఇవ్వడానికి చట్టంలో వీలుంది, అయితే ఇచ్చితీరాలన్న నిర్బంధం లేదు. ఈ సంగతి ఎవరైనా మీవారి చెవిన వేసే ఉంటారు. దయచేసి ఆ దారిలో వెళ్లవద్దు. మార్కుల కాగితం చేతికి రావచ్చు గానీ, అమ్మాయి ఆ మెసేజ్‌లు కూడా మానేసే ప్రమాదం ఉంది.

ఇక ఆ బూడిద సంగతి. ఈస్టర్‌కు ముందు వచ్చే కేథలిక్కుల ఉపవాస దినాలైన తపస్సు కాలం విభూతి బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు నుదుట బూడిద పెట్టించుకోవడానికి క్రైస్తవులై ఉండాలన్న నియమం లేదు, వరుసలో నిలబడిన వారెవరికైనా పెడతారు. పూజలో పంచే దివ్యసత్ప్రసాదం అలా కాదు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందనివారికి ఇవ్వరు. పెద్దవాళ్లు ఎవరైనా కేథలిక్ మతంలోకి రావాలనుకుంటే నెలల తరబడి శిక్షణ పొందాలి, తమ నిర్ణయాన్ని సంఘం ముందు ప్రకటించాలి, ఆ తరువాత సాధారణంగా ఈస్టర్ ముందురాత్రి జరిగే పాస్కా జాగరణలో జ్ఞానస్నానం ఇస్తారు. ఇది ఎవరికీ తెలియకుండా ఒక సాయంత్రంలో జరిగిపోయే పని కాదు. కాబట్టి ‘మన పిల్ల మతం మారిపోయింది’ అని మీ ఇంట్లో అనుకుంటున్న మాటకు, మీరు రాసిన దాంట్లో ఆధారం నాకు కనిపించలేదు.

మరి ఆమె ఆదివారం సాయంత్రం అక్కడికి ఎందుకు వెళుతోంది? చిన్న కళాశాలల్లో జీవితం ఎలా ఉంటుందో తెలిస్తే దీన్ని అర్థం చేసుకోవడం సులభమవుతుంది. వెయ్యీ రెండు వేల మంది ఉండే ఇలాంటి చోట తరగతిలో పదిహేను ఇరవై మందే ఉంటారు కాబట్టి, ఒక రోజు రాకపోతే ప్రొఫెసర్ పేరు పెట్టి అడుగుతారు. భోజనశాలలో ఎటు తిరిగినా తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. ఇది ఎంత వెచ్చదనమో, ఎవరితోనూ కలవలేని పిల్లకు అంత ఉక్కిరిబిక్కిరి కూడా. శుక్రవారం మధ్యాహ్నానికి దగ్గర ఊళ్ల పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు, డార్మ్ సగం ఖాళీ అవుతుంది, ఆరు గంటల దూరం నుంచి వచ్చిన పిల్ల మిగిలిపోతుంది. ఆ అంతస్తులో తెలుగు మాట వినిపించే అవకాశం దాదాపు లేదు. శాకాహారి అయితే చాలా రోజులు పాస్తాతో, సలాడ్‌తో సర్దుకోవాలి. తపస్సు కాలంలో శుక్రవారాలు కేథలిక్కులు మాంసం ముట్టరు కాబట్టి, ఆ కాసిన్ని రోజులే ఆమె అందరితో కలిసి ఒకే భోజనం తినగలుగుతూ ఉండవచ్చు. అలాంటి చోట వారానికి రెండు సాయంత్రాలు సాధన, ఆదివారం పూజ, పక్కన నిలబడి పాడే తోటి గొంతులు, ఆ తరువాత అందరూ కలిసి తాగే కాఫీ అంటే, ఆమెకంటూ ఒక చోటు దొరికినట్టే. మీ అమ్మాయి చిన్నప్పుడు సంగీతం నేర్చుకుందో లేదో మీరు రాయలేదు. నేర్చుకుని ఉంటే ఆమె కాళ్లు అటువైపు నడవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ కళాశాలల పుట్టుక గురించి ఒక మాట మీవారికి నచ్చుతుందనుకుంటాను. 1846లో బవేరియా నుంచి బోనిఫేస్ విమ్మర్ అనే బెనెడిక్టైన్ గురువు పెన్సిల్వేనియాకు వచ్చి మఠం నెలకొల్పింది జర్మన్ వలసదారుల కోసం. అమెరికాలో ఇలాంటి కళాశాలలు చాలావరకు దేశం కాని దేశానికి వచ్చిన కుటుంబాల పిల్లలకు చదువు చెప్పడానికే మొదలయ్యాయి. వచ్చిన అతిథిని క్రీస్తుగా భావించి ఆదరించాలన్నది బెనెడిక్ట్ నియమావళిలో 53వ అధ్యాయం చెప్పే మాట. కేథలిక్ విశ్వవిద్యాలయాల కోసం 1990లో రెండవ జాన్ పాల్ పోపు ఇచ్చిన శాసనం కూడా, కళాశాల కేథలిక్ స్వభావాన్ని నిలుపుకుంటూనే ప్రతి వ్యక్తి అంతరాత్మ స్వేచ్ఛను పూర్తిగా గౌరవించాలని చెబుతుంది. నియమం రాసి ఉన్నంత మాత్రాన ప్రతిచోటా పాటిస్తారని నేను అనను. ఎవరైనా ఆమె మీద ఒత్తిడి తెస్తే మాత్రం అది ఆ సంస్థ సొంత నియమాలకే విరుద్ధమని, డీన్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చని ఆమెకు తెలిసి ఉండాలి.

మీవారు లయోలాలో చదివి కూడా మతం మారలేదు కదా అని మీరు వాదించవచ్చు. ఆ వాదన కొంతవరకే నిలుస్తుంది. మన దేశంలో అలాంటి కళాశాలల్లో క్రైస్తవేతరులకు నైతిక విద్య తరగతి వేరుగా ఉండేది, చుట్టూ తెలుగు ఊరు ఉండేది, తోటివారిలో ఎక్కువమంది తనలాంటివారే. మీ అమ్మాయి చదివేచోట ఫిలాసఫీ, థియాలజీ కోర్సులు సాధారణంగా డిగ్రీకి తప్పనిసరి. మంచి అంటే ఏమిటి, దుఃఖం ఎందుకు ఉంది, దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్నలను అక్కడ ప్రతి సెమిస్టరూ తీరిగ్గా చర్చిస్తారు. పద్దెనిమిదేళ్లు ఇంట్లో దీపం వెలిగించిన పిల్ల ఆ ప్రశ్నలు తెచ్చి మిమ్మల్ని అడిగినప్పుడు, మనం ఎందుకు దీపం వెలిగిస్తామో చెప్పగలిగిన పెద్దలు కావాలి. తండ్రి ఆ సంభాషణకు సిద్ధపడితే, కళాశాల మాన్పించడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు చేస్తుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రేపు ఆమె నిజంగానే జ్ఞానస్నానం తీసుకోవాలనుకుంటే దానికి మీ సంతకం అక్కర్లేదు. ఆ రోజు వస్తుందని నేను అనడం లేదు, రాదని మీకు హామీ ఇవ్వడం కూడా నాకు న్యాయం కాదు. అప్పుడు కూడా ఆమె మన కూతురేనా అన్న ప్రశ్నకు మీరూ మీవారూ ఇప్పుడే, ఆమె లేనప్పుడు, మీ ఇద్దరి మధ్యనే సమాధానం తేల్చుకోండి. అత్తగారికి ఏం చెప్పాలన్నది ఆ తరువాతి సంగతి. చెప్పడానికి ఇంకా ఏమీ జరగలేదు కాబట్టి ప్రస్తుతం ఏమీ చెప్పనవసరం లేదు.

మేజర్ గురించి ఎక్కువ బెంగ వద్దు. ఆమె డాక్టర్ కావాలన్నదే మీ కోరిక అయితే, అమెరికన్ మెడికల్ స్కూళ్లు ఏ మేజర్ చదివినవారినైనా తీసుకుంటాయి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌లలో అవి అడిగే కోర్సులు పూర్తిచేసి, వాటి ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌లో మంచి స్కోరు తెచ్చుకోవాలి. ఆ పరీక్షలో కఠినమైన వ్యాసాలు చదివి విశ్లేషించే విభాగం ఒకటి పూర్తిగా ఉంటుంది కాబట్టి ఫిలాసఫీ చదువు అక్కడ వృథా పోదు. ఆ సైన్స్ కోర్సులు కొనసాగిస్తావా అని అడగండి, సమాధానం వినండి. సెమిస్టర్ మధ్యలో మాన్పిస్తే ఈ నాలుగు నెలల క్రెడిట్లు పోతాయి, కట్టిన ఫీజులో తిరిగి వచ్చేది తక్కువ, ఆ కళాశాల ఇచ్చిన స్కాలర్‌షిప్ ఆమె వెంట రాదు. థియాలజీ కోర్సులను కొత్త చోట లెక్కలోకి తీసుకుంటారన్న నమ్మకమూ లేదు. మారాలని ఆమే కోరుకుంటే వచ్చే సెమిస్టర్‌కు పద్ధతి ప్రకారం దరఖాస్తు చేయవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఆమెను చూడటానికి వెళ్లడం. ఇంటికి పిలిపించి పెద్దమ్మలనూ బాబాయిలనూ కూర్చోబెట్టి మాట్లాడించవద్దు. వీలైతే మీరిద్దరూ, మీవారి కోపం తగ్గకపోతే ముందు మీరొక్కరే, వారాంతంలో వెళ్లి ఒక రాత్రి దగ్గర్లో బస చేయండి. ఆమె రోజూ తినే భోజనశాలలోనే తినండి, రూమ్మేట్‌ను పలకరించండి, కోయిర్ వినడానికి రమ్మని ఆమె పిలిస్తే వెనక వరుసలో కూర్చుని వినండి. అలా కూర్చున్నంత మాత్రాన మీరు దేన్నీ ఒప్పుకున్నట్టు కాదు. మార్కుల కోసం ఫోన్ చేసినందుకు తండ్రే స్వయంగా, ఒక్క వాక్యంలో, ‘ముందు నిన్నే అడగాల్సింది’ అని చెప్పాలి. ఆ మాట మీరు ఆయన తరఫున చెప్పకండి. ఇద్దరి మధ్య వార్తలు మోయడం మీరు మానేస్తే, మీరు నలిగిపోవడం కూడా కొంత తగ్గుతుంది.

వెళ్లినప్పుడు ఆమె బాగా చిక్కిపోయినా, నిద్రపోవడం లేదనిపించినా, తరగతులకు వెళ్లడం మానేసినా విషయం వేరు. కళాశాల కౌన్సెలింగ్ కేంద్రానికి ఆమెతో కలిసి వెళ్లండి. దూరంగా ఉన్నప్పుడు భయం వేస్తే డీన్ కార్యాలయానికి ఫోన్ చేసి ‘మా అమ్మాయిని ఒకసారి చూసి రండి’ అని కోరవచ్చు. మీరు వివరాలు అడగడం లేదు, ఆందోళన తెలియజేస్తున్నారు కాబట్టి వినడానికి వారికి ఏ చట్టమూ అడ్డురాదు. ఆత్మహత్య ఆలోచనల్లో ఉందేమో అనిపిస్తే, అలాంటి సంక్షోభంలో సాయం చేసే 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఈ రాత్రికి ఆమెకు ఒక్క మెసేజ్ పంపండి: ‘వచ్చే శనివారం నిన్ను చూడటానికి రావాలని ఉంది, నీకు వీలైన సమయం చెప్పు, నువ్వు అడిగితే తప్ప కాలేజీ మార్చే మాట ఎత్తను.’ జవాబు రెండు రోజులు ఆలస్యమైనా రెండో మెసేజ్ పంపకండి. వెళ్లే ముందు మీవారిని కూడా ఆ మాటకు ఒప్పించండి.