ఆకలేస్తోందా అని అడిగితే గడియారం చూస్తున్నాను

ప్రశ్న: నా వయసు 42. ఉద్యోగం చేస్తున్నాను. మావారు మంచివారే. పిల్లలిద్దరూ పెద్ద చదువులకొచ్చారు. మూడేళ్ళ క్రితం అమ్మ పోయింది. ఆస్పత్రిలో ఉన్న ఇరవై రోజులూ నేనే దగ్గరున్నాను. ఆ తర్వాత నాన్నని, చెల్లిని, తమ్ముణ్ణి ఓదార్చిందీ నేనే. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ‘గట్టి మనిషి’ అన్నారు అందరూ. అప్పట్నుంచీ ఏదో తేడాగా ఉంది. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉంటుంది, భుజాలు రాళ్ళలా ఉంటాయి. ఆకలేస్తోందా అని ఎవరైనా అడిగితే గడియారం చూసి చెప్తున్నాను. సంతోషమో బాధో కూడా తెలియడం లేదు. నా ఒంట్లో నేనే అద్దెకున్నట్టు ఉంది. నిద్ర పట్టక డాక్టరు ఇచ్చిన మాత్ర వాడుతున్నాను.

మా చెల్లి బలవంతం మీద ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. శరీరాన్ని మెల్లగా తాకుతూ మనసులోని బాధ తగ్గించే థెరపీ అన్నారు. పడుకోబెట్టి భుజం కింద చెయ్యి పెట్టారు. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కాలు దానంతటదే వణికింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. ఎందుకో నాకే తెలీదు. గొంతు బిగుసుకుపోయి, ఆపమని చెప్పాలనిపించింది. ఆవిడ ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. రెండు రోజులు నిద్ర లేదు, ఒళ్ళంతా నీరసం. ఈసారి ఇంకా లోతుగా చేస్తే అంతా బయటికొచ్చేస్తుందని, నిద్రమాత్ర కూడా మానేయొచ్చని ఆవిడ అన్నారు. ‘ఒళ్ళు పట్టించుకోవడానికి డబ్బులిచ్చి, ఏడ్చుకుంటూ రావడమేంటి’ అని మావారు నవ్వుతున్నారు. నాకేమైనా పిచ్చి పడుతోందా? మళ్ళీ వెళ్ళాలా, వద్దా?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఏడుపు దగ్గర కాదు. ‘ఆపమని చెప్పాలనిపించింది, ఆవిడ ఏమనుకుంటారోనని ఊరుకున్నాను’ అన్నారు చూడండి, అక్కడ. ఆ మాటకి మళ్ళీ వస్తాను. ముందు మీ భయం సంగతి.

పిచ్చీ లేదు, ఏమీ లేదు. ఎవరైనా శ్రద్ధగా, తొందరపెట్టకుండా మన భుజం కింద చెయ్యి పెట్టి, దానికి బదులుగా మన నుంచి ఏమీ అడగకపోతే, ఎప్పట్నుంచో బిగబట్టిన మనిషికి కన్నీళ్ళు రావడం మామూలే. కాలు వణకడం కూడా అంతే. పెద్ద గండం తప్పిన తర్వాత, అంతా అయిపోయాక కూర్చుంటే మోకాళ్ళు వణుకుతాయి కదా, అలాంటిదే. ఎందుకు ఏడుస్తున్నారో తెలియకపోవడం కూడా వింత కాదు. కారణం మాటల్లోకి రాకముందే ఒళ్ళు స్పందించేస్తుంది.

మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. భయమేస్తే కాళ్ళు చల్లబడ్డాయంటాం. దుఃఖమొస్తే గొంతు పూడుకుపోయిందంటాం. జాలేస్తే కడుపు తరుక్కుపోయిందంటాం. గండం గట్టెక్కితే ఊపిరి పీల్చుకున్నామంటాం. ఒక్క మాటలోనూ మెదడు ఊసే లేదు! విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1884లో ఇలాంటి మాటే రాశాడు: ముందు గుండె దడ, వణుకు మొదలవుతాయి, వాటిని మనం గమనించడాన్నే భయం అంటున్నాం అని. ఆయన చెప్పింది చెప్పినట్టుగా ఇప్పటివాళ్ళు ఒప్పుకోరు. కానీ ఒంటి నుంచి మెదడుకి కబుర్లు ఎడతెగకుండా వెళ్తుంటాయన్నది మాత్రం నిజం. మెదడు అడుగు నుంచి గుండె మీదుగా పొట్ట దాకా దిగే వేగస్ నాడి ఉంది. అందులో సుమారు ఐదింట నాలుగు వంతుల పోగులు కింది నుంచి పైకి సమాచారం మోసేవే. ఆకలి, దాహం, ఊపిరాడకపోవడం, కడుపులో కలవరం, ఇవన్నీ మనకి తెలిసేది ఇలాంటి లోపలి కబుర్ల వల్లే. ఇలా లోపలి సంగతి పసిగట్టడాన్ని ఇంటరోసెప్షన్ అంటారు. మీకు మందగించింది ఇదే.

ఎందుకు మందగించిందో మీ ఉత్తరంలోనే ఉంది. ఆస్పత్రిలో ఆ ఇరవై రోజులూ ఆకలేసినా తర్వాత తిందాంలే అనుకుని ఉంటారు. కళ్ళు మూతలు పడుతున్నా కుర్చీలోనే కూర్చుని ఉంటారు. బాత్రూమ్‌కి వెళ్ళాల్సొచ్చినా, డాక్టరు రౌండ్స్‌కి వచ్చి వెళ్ళేదాకా ఆపుకుని ఉంటారు. భయం వేసినా మొహంలో కనపడనిచ్చి ఉండరు. అది తప్పు కాదు, అప్పుడు అలా చేయకపోతే పని జరిగేది కాదు. ఒళ్ళు చెప్పే ప్రతిదానికీ ‘ఇప్పుడు కాదు’ అని జవాబిచ్చారు. ఆ తర్వాత ఇంట్లో వాళ్ళందర్నీ ఓదార్చే వంతు. అక్కడా అదే జవాబు. ఎన్నిసార్లు పిలిచినా పలక్కపోతే ఎవరైనా పిలవడం మానేస్తారు కదా.

ఇక్కడ ఒక మాట. ఏడవనివాళ్ళందరి లోపలా దుఃఖం గడ్డకట్టుకుని ఉంటుందనుకోకండి. కన్నీళ్ళు పెట్టకుండానే పోయినవాళ్ళని ప్రేమగా తలుచుకుంటూ, హాయిగా తిని నిద్రపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. మీరు ఏడవలేదు కాబట్టి అమ్మ మీద ప్రేమ తక్కువని ఎవరైనా అన్నా, మీకు మీరే అనుకున్నా, అది తప్పు. మీ విషయంలో నేను పట్టించుకునేది ఏడుపు లేకపోవడాన్ని కాదు, ఆకలి కూడా తెలియకపోవడాన్ని.

ఇక థెరపీ సంగతి. శరీరం ద్వారా మనసుకి ఊరట కలిగించే పద్ధతులు చాలా ఉన్నాయి. ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు 1920ల్లోనే కండరాల్ని ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి నేర్పాడు, ఇప్పటికీ వాడుతున్నారు. పీటర్ లెవిన్ అనే అమెరికన్ థెరపిస్టు 1970ల నుంచి రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ అనే పద్ధతి ఉంది, ఒంట్లో ఏమనిపిస్తోందో మెల్లగా గమనించడమే అందులో ముఖ్యం. మీరు వెళ్ళినావిడ చేస్తున్నది ఏ పద్ధతో మీరు రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. పేరు అడగండి. ఎక్కడ, ఎన్నాళ్ళు నేర్చుకున్నారో అడగండి. మానసిక సమస్యలున్నవాళ్ళతో పనిచేసిన అనుభవం ఉందేమో కూడా అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

ఇవి పనిచేస్తాయా అంటే, కొంతమందికి చేస్తాయి. ఎన్ని చికిత్సలు చేసినా తగ్గని మానసిక గాయాలున్న 64 మంది మహిళలతో చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. వాళ్ళలో ఒక జట్టుకి పది వారాలు వారానికోసారి యోగా నేర్పారు, ఇంకో జట్టుకి ఆరోగ్య విషయాల మీద పాఠాలు చెప్పారు. చివర్లో చూస్తే యోగా జట్టులో సగానికి పైగా ఆ జబ్బు లక్షణాల పరిధి నుంచి బయటపడ్డారు, రెండో జట్టులో ఐదోవంతు మందే బయటపడ్డారు. మంచి ఫలితమే. కానీ ఇలాంటి అధ్యయనాలు ఇప్పటిదాకా చిన్నవే. ‘బాధ కండరాల్లో దాక్కుని ఉంటుంది, పిండితే బయటికొచ్చేస్తుంది’ అని చెప్పేవాళ్ళ మాట మాత్రం నమ్మకండి. కండరం డబ్బా కాదు, అందులో పాత జ్ఞాపకాలు నిల్వ ఉండవు. ఎప్పుడూ బిగబట్టి ఉండే అలవాటు నాడీ వ్యవస్థకి పడిపోయింది, అంతే. అలవాటుని పిండితే పోదు, మెల్లగా మాన్పించాలి.

అందుకే ‘ఈసారి లోతుగా చేస్తే అంతా బయటికొచ్చేస్తుంది’ అన్న మాట నాకు నచ్చలేదు. కాలు ముడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది కదా. అప్పుడు కాలు ఉన్నట్టే తెలియదు. కాస్త కదిపితే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అది మంచిదే, స్పర్శ తిరిగి వస్తోందని అర్థం. అలాగని అప్పటికప్పుడు లేచి పరిగెత్తితే పడతాం. మీరిప్పుడు ఆ సూదులు గుచ్చే దశలో ఉన్నారు. రెండు రోజులు నిద్ర పట్టలేదంటే మొదటిసారే మోతాదు ఎక్కువైందని అర్థం. లెవిన్ పద్ధతిలో పనిచేసేవాళ్ళు బాధ ఉన్న చోటికి కొద్దిసేపు మాత్రమే వెళ్ళనిస్తారు. వెంటనే ఒంట్లో హాయిగా ఉన్న చోటికి, అరచేతిలో వెచ్చదనానికో కుర్చీకి ఆనుకున్న నడుముకో, ధ్యాస తిప్పుతారు. మళ్ళీ కాసేపు అటు, కాసేపు ఇటు. చూడటానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. బాగా జరిగిన సెషన్ చాలావరకు అలాగే ఉంటుంది.

నిద్రమాత్ర సంగతి గట్టిగా చెప్తున్నాను, మానేయకండి. కొన్ని రకాల నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. తగ్గించాలా, ఆపాలా అన్నది అవి రాసిన డాక్టరు మాత్రమే చెప్పాలి. పనిలో పనిగా నీరసానికి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో పళ్ళ డాక్టరుకి చూపించుకోండి. అన్నిటికీ కారణం మనసే అనుకుని ఒంటి జబ్బుని వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. ఒకవేళ ఎన్నాళ్ళైనా నిద్ర లేకపోయినా, చుట్టూ ఉన్నదంతా నిజం కానట్టు అనిపించినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా, ఈ థెరపీలన్నీ పక్కనపెట్టి వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళండి.

ఈలోగా ఇంట్లో చేసుకోగలిగినవి చెప్తాను. అన్నీ ఒక్కసారి మొదలుపెట్టొద్దు, మీలాంటివాళ్ళు దీన్ని కూడా డ్యూటీలా చేసేస్తారు.

ఇది చదువుతుండగానే ఒకటి చూడండి. మీ పై పళ్ళూ కింది పళ్ళూ ఆనుకుని ఉన్నాయా? మాట్లాడనప్పుడు, నమలనప్పుడు పెదాలు మూసి ఉన్నా పళ్ళ మధ్య కాస్త సందు ఉండాలి. ఆనుకుని ఉంటే నాలుక కొసని పై పళ్ళ వెనకాల చిగురు మీద మెత్తగా ఆనించండి, దవడ దానంతటదే కొంచెం దిగుతుంది. ఫోన్ తీసిన ప్రతిసారీ ఇది ఒకసారి చూసుకుంటే చాలు.

ఇంకోటి మరీ చిన్నది, చెప్తే నవ్వుతారేమో. బాత్రూమ్‌కి వెళ్ళాలనిపించినప్పుడు ‘ఈ మెయిల్ పంపేసి వెళ్తా’ అనుకోకుండా లేచి వెళ్ళండి. ఒళ్ళు పిలిస్తే పలకడం అక్కడ్నుంచే మొదలుపెట్టొచ్చు. ఆకలి సంగతీ అంతే. గడియారం చూసే ముందు పొట్ట మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగండి. ఏమీ తెలియకపోతే ‘తెలియలేదు’ అనే జవాబు చెప్పుకోండి, తర్వాత గడియారం చూసుకోండి. తెలియలేదని గమనించడం కూడా గమనించడమే.

భుజాలు మరీ బిగిసినప్పుడు ఊపిరి వదిలే సమయాన్ని, పీల్చే సమయం కంటే కొంచెం పొడిగించండి. పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. అందుకే అలసటగా నిట్టూర్చగానే కాస్త తేలికపడతాం. ఐదారుసార్లు చాలు. కళ్ళు మూసుకోనక్కర్లేదు. కొందరికి కళ్ళు మూసుకుని లోపలికి చూస్తే గాభరా పెరుగుతుంది. మీకూ అలాగైతే వెంటనే మానేసి, గదిలో ఉన్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోండి, పాదాలు నేలకి ఆనిన చోట ఎలా ఉందో చూడండి. ధ్యానం కుదరలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

మీవారు నవ్వారంటే, ఆయనకీ అర్థం కాలేదనే అనుకుంటున్నాను. మూడేళ్ళుగా మీరు బాగానే ఉన్నారనుకుంటున్న మనిషి ఆయన. వేగస్ నాడి గురించి ఆయనకి పాఠం చెప్పకండి. ‘నాకు మూడేళ్ళుగా ఆకలి తెలియడం లేదు’ అని ఒక్క మాట చెప్పండి. నవ్వరు.

ఇప్పుడు మొదట్లో ఆగిన మాట. గొంతు బిగుసుకుంది, ఆపమనాలనిపించింది అన్నారు. అంటే ఆ బల్ల మీద మీ ఒళ్ళు స్పష్టంగా మాట్లాడింది, మీరు విన్నారు కూడా. చాలా రోజుల తర్వాత కబురు చేరింది. కానీ ఆవిడ ఏమనుకుంటారోనన్న మొహమాటంతో మళ్ళీ ‘ఇప్పుడు కాదు’ అనేశారు. మీరు నయం చేసుకోవాలనుకుంటున్న అలవాటు సరిగ్గా అదే. అది ఆ గదిలోనే కొనసాగితే ఆ థెరపీ ఎంత లోతుగా చేసినా ఏం లాభం?

అందుకని ఇంకొక్కసారి వెళ్ళండి. పడుకోకముందే, కూర్చుని ఉండగానే చెప్పండి: మొన్న నాకు ఎక్కువైంది, రెండు రోజులు నిద్ర లేదు, ఈసారి సగం సమయమే చేద్దాం, తాకే ముందు ఎక్కడ తాకబోతున్నారో చెప్పండి, నేను చెయ్యి ఎత్తితే ఆపేయండి. అన్నీ గుర్తుండవనిపిస్తే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. చెల్లిని గదిలో కూర్చోబెట్టుకున్నా తప్పులేదు. తర్వాత, మధ్యలో ఎక్కడో ఒకచోట, అంత అవసరం లేకపోయినా సరే, ఒకసారి చెయ్యి ఎత్తి చూడండి. ఆవిడ వెంటనే చెయ్యి తీసేసి ‘సరే, కాసేపు ఆగుదాం’ అంటే ఆవిడ దగ్గరికి వెళ్తూ ఉండండి. ‘ఇంకొంచెం ఓర్చుకోండి, వచ్చేస్తోంది’ అంటే లేచి, చెప్పులేసుకుని వచ్చేయండి.