పాట వస్తోంది, మాట రావడం లేదు: మా నాన్న విషయంలో జరిగింది

బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మీ తమ్ముడు ఒక్క మాటా పలకలేకపోతున్నాడని, పాట వినిపిస్తే మాత్రం గొంతు కలుపుతున్నాడని రాశారు. మ్యూజిక్ థెరపీ ప్యాకేజీకి డబ్బు కట్టాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసుకునేవాణ్ణి. నాలుగేళ్ల క్రితం మా దగ్గరికి వచ్చిన నాన్నను రోడ్డు దాటుతుంటే బండి గుద్దింది. తలలో ఎడమవైపు రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేశారు. కుడి చెయ్యి, కాలు పట్టు తప్పాయి. ఏది అడిగినా "ఆ... ఆ..." తప్ప మాట లేదు.

నాన్నది అనంతపురం జిల్లాలో పల్లెటూరు. వయసులో ఉన్నప్పుడు చెక్కభజన ఆడేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో నెలలో ఒకరోజు అమ్మ భజనపాట అందుకుంటే, మంచంలోంచే చరణం మొత్తం పాడేశాడు. అందరం ఏడ్చాం. మాట వచ్చేసిందని ఊరికి ఫోన్లు చేశాం. అక్కడే పొరపాటు పడ్డాం. పాట అయ్యాక నీళ్లు కావాలా అంటే మళ్లీ "ఆ... ఆ...". మూడు వారాలు పాటలే పాడించుకుంటూ కూర్చున్నాం, ఒక్క కొత్త మాట రాలేదు.

స్పీచ్ థెరపిస్టు చెప్పాక అర్థమైంది. మాట కూర్చే పని చాలామందిలో మెదడు ఎడమవైపు జరుగుతుంది. రాగానికి కుడివైపు కూడా తోడుంటుంది. అందుకే మాట పోయినా పాట మిగులుతుంది. మాట పోయినా భక్తిగీతాలు పాడగలిగిన మనిషి గురించి స్వీడన్‌లో 1745లోనే రాసిపెట్టారట. ఆ మిగిలిన దారిలోంచి మాటను రప్పించే పద్ధతిని 1973లో బోస్టన్‌లో తయారుచేశారు, మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. అందులో సినిమా పాటలుండవు. రోజూ అవసరమయ్యే చిన్న మాటను రెండే స్వరాల్లో సాగదీసి అనిపిస్తారు, అక్షరానికొకసారి ఎడమ చేత్తో బల్ల మీద తట్టిస్తారు. ముందు మనతో కలిసి, తర్వాత మనం మధ్యలో ఆపేస్తే తనొక్కడే, ఆ తర్వాత ప్రశ్నకు జవాబుగా. చివరికి రాగం తీసేయాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

మా థెరపిస్టు కన్నడావిడ. తెలుగు మాటలు మమ్మల్నే రాసుకు రమ్మంది. నేను "నీళ్లు కావాలి", "చాలు" అని రాశాను. నాన్న నోరు కదల్లేదు. అమ్మ కాగితం చూసి, "మీ నాయన ఎప్పుడన్నా కావాలి అన్నాడా రా?" అని "నీళ్లు కావల్ల", "సాలు" అని మార్పించింది. పదకొండో రోజు రెండో సంగటి ముద్ద పెట్టబోతుంటే మొదటి మాట వచ్చింది: "సాలు."

కాలికైతే తాళం ఇంకా బాగా పనిచేసింది. ఫిజియోథెరపిస్టు నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, ఫోన్లో మెట్రోనోమ్‌ని (టిక్కుటిక్కుమని తాళం కొట్టే యాప్) ఆ వేగానికే పెట్టి, కుదురుకున్నాక కొద్దికొద్దిగా పెంచేవాడు. ఆ టిక్కుటిక్కు నాన్నకు నచ్చలేదు. చిన్నాన్న ఊళ్లో చెక్కల చప్పుడు రికార్డు చేసి పంపాడు. కానీ చెక్కభజన పోనుపోను వేగం అందుకుంటుంది కదా, నాన్న కూడా అందుకోబోయి తూలాడు! మొదటి రెండు నిమిషాలు కత్తిరించి వాడుకున్నాం. 2017లో 29 పరిశోధనలు, 775 మంది వివరాలు కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్షలోనూ ఇలాంటి తాళంతో నడకకు మేలు కనిపించింది. అయితే వాళ్లలో ఎక్కువమంది పక్షవాతం వచ్చినవాళ్లు. యాక్సిడెంట్‌లో దెబ్బ ఒక్కచోటే ఉండకపోవచ్చు, ధ్యాస, జ్ఞాపకం కూడా దెబ్బతినొచ్చు. మీ తమ్ముడికీ ఇలాగే జరుగుతుందని నేను మాటివ్వలేను. నాన్న ఇప్పటికీ రెండు మూడు మాటల వాక్యాలే మాట్లాడతాడు. మాట తట్టకపోతే తొడ మీద తట్టుకుంటాడు.

ప్యాకేజీ సంగతి. మేమూ ఒకచోట పది సెషన్లకు కట్టాం. హెడ్‌ఫోన్ పెట్టి వేణువు వినిపించేవారు, నాన్న హాయిగా నిద్రపోయేవాడు. నిద్రకు అంత డబ్బెందుకు? ముందు బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి లాంటి చోట స్పీచ్ విభాగంలో చూపించండి. మనం చెప్పేది అర్థమవుతూ పలకలేనివాళ్లకే మెలోడిక్ ఇంటొనేషన్ పద్ధతి ఎక్కువ పనికొస్తుంది. ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. ఇంట్లో రోజంతా పాటలు మోగించకండి, మెదడు అలిసిపోయి చిరాకు పెరుగుతుంది. మీరు అనుకుంటున్న సెంటర్‌లో ఏయే మాటలు పలికిస్తారో అడగండి, చెప్పలేకపోతే కట్టకండి. ఆ మాటల లిస్టు మాత్రం మీ అమ్మగారి చేత రాయించండి.