రగ్బీ లీగ్ క్లబ్బులు సొంత ఊరి మ్యాచ్‌లను బయట ఎందుకు ఆడతాయి?

మీ ప్రశ్న ఇదీ: మీ అన్నయ్యగారు సిడ్నీలో ఉంటారు. ఒక రగ్బీ లీగ్ జట్టుకి సీజన్ మెంబర్‌షిప్ కట్టారు. ఆ జట్టు ఈ ఏడాది రెండు హోమ్ మ్యాచ్‌లను వేరే ఊళ్ళకి మార్చేసరికి ఆయన తెగ బాధపడుతున్నారు. టీవీలో ఎలాగూ వస్తుంది కదా, అంత బాధ ఎందుకు, అసలు క్లబ్బులు ఇలా ఎందుకు చేస్తాయి అని అడిగారు.

క్లబ్బులు ఎందుకు చేస్తాయంటే ఎక్కువసార్లు డబ్బు కోసం, కొన్నిసార్లు వేరే దారి లేక. బాధ ఎందుకు అన్నది మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను. నేను చాలా ఏళ్ళుగా సిడ్నీ పడమటి వైపు, పారామటా పక్కన వెస్ట్‌మీడ్‌లో ఉంటున్నాను. నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను.

మాది విశాఖపట్నం. ఇక్కడికి వచ్చేనాటికి నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. రగ్బీ లీగ్ అంటే జట్టుకి 13 మంది, 80 నిమిషాల ఆట అని చెప్పింది మా పక్కింటి పెద్దాయన. మా అమ్మాయి ఆయన్ని "తాతగారూ" అని తెలుగులోనే పిలిచేది, ఆయన పలికేవారు. అక్కడి జట్టు పారామటా ఈల్స్ అంటే ఆయనకి ప్రాణం. మొదటిసారి మమ్మల్ని మ్యాచ్‌కి తీసుకెళ్ళింది కూడా ఆయనే, నడిపించి మరీ. వెస్ట్‌మీడ్ నుంచి పారామటా పార్క్‌లో పడి నడిస్తే అరగంటలోపు స్టేడియం వస్తుంది. సాయంత్రం మ్యాచ్ అయితే సరిగ్గా ఆ వేళకే నది ఒడ్డు చెట్ల మీద నుంచి వేల గబ్బిలాలు లేస్తాయి. మా అమ్మాయి మ్యాచ్ కంటే వాటి కోసమే వచ్చేది. దారి పొడవునా నీలం, పసుపు చొక్కాలు. ఎవరో ఒకరు ఆయన్ని ఆపి మోకాలు ఎలా ఉందని అడిగేవారు. గేటు దగ్గర టికెట్లు చూసే ఆవిడకి కూడా ఆయన పేరు తెలుసు.

ఆ పాత స్టేడియంలో 20 వేల మంది పట్టేవారు. 2016 సీజన్ అయ్యాక దాన్ని మూసి, 2017లో కూలగొట్టి, అదే స్థలంలో కొత్తది కట్టారు. ఆ రెండు సీజన్లు, 2017, 2018, ఈల్స్ తమ హోమ్ మ్యాచ్‌లను ఎక్కువగా ఒలింపిక్ పార్క్‌లోని స్టేడియం ఆస్ట్రేలియాలో ఆడింది. 2000 ఒలింపిక్స్ కోసం కట్టిన పెద్ద స్టేడియం అది, 80 వేలకు పైగా సీట్లు. మా ఇంటి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు, కొత్త స్టేడియం కావాల్సిందే. కానీ ఆ పది కిలోమీటర్లు ఏం చేశాయో చూడండి.

పెద్దాయన రెండు మ్యాచ్‌లకి వచ్చారు. ట్రైన్ ఎక్కి, లిడ్‌కోంబ్‌లో దిగి, మెట్లెక్కి దిగి, ఇంకో ట్రైన్ మారి, మళ్ళీ నడక. రాత్రి మ్యాచ్ అయితే ఇంటికి చేరేసరికి పదకొండు దాటేది. మూడోసారి పిలిస్తే, "మీరు వెళ్ళండి, నేను టీవీలో చూస్తాను" అన్నారు. నేను కారులో తీసుకెళ్తానన్నా రాలేదు. ఇంకొకరి మీద ఆధారపడి వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు. ఇంతకుముందు ఆయన తన కాళ్ళ మీద తను వెళ్ళేవారు కదా.

స్టేడియం లోపల సంగతి ఇంకోటి. 80 వేల సీట్లలో పదిహేను వేల మంది కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పెళ్ళికి పెద్ద కల్యాణ మండపం తీసుకుంటే రెండు వరుసల చుట్టాలే వచ్చినట్టు. అరుపులు పైకప్పు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతాయి. పాత చోట అదే పదిహేను వేల మంది అరిస్తే ఎదుటి జట్టు ఆటగాడికి బంతి చేతిలో నిలిచేది కాదు. 2017లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు 2018లో పట్టికలో అట్టడుగుకి పడిపోయింది. ఆటగాళ్ళ గాయాలూ ఫామూ, కారణాలు చాలా ఉంటాయి, స్టేడియం మారడం వల్లనే అనను. కానీ ఇల్లు లేని జట్టు ఆడుతున్నట్టే అనిపించేది నాకు.

పెద్దాయనకి ఇది మొదటిసారి కూడా కాదు. 1981లో పారామటా తొలిసారి ఛాంపియన్ అయిన రాత్రి, ఆనందం పట్టలేక అభిమానులే తమ అప్పటి గ్రౌండ్ కంబర్‌లాండ్ ఓవల్‌లో పాత చెక్క స్టాండ్‌ని తగలబెట్టేశారు. తర్వాత 1982 నుంచి 1985 దాకా నాలుగేళ్ళు జట్టు సిడ్నీలోనే ఇంకో పేట బెల్మోర్‌లో తలదాచుకుంది. 1986లో కొత్త స్టేడియాన్ని ఎలిజబెత్ రాణి ప్రారంభించారు, అదే ఏడాది ఈల్స్ మళ్ళీ కప్పు గెలిచింది. ఇప్పటిదాకా అదే ఆఖరి కప్పు. అప్పట్లో ఆయన కుర్రాడు, బెల్మోర్‌కి ప్రతి వారం వెళ్ళేవారట. అదే మనిషికి 2017లో ఒలింపిక్ పార్క్ దూరమైంది. అందుకే దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకూడదని నా అభిప్రాయం. ఎవరి వయసులో, ఎవరి జేబుతో, ఎంతమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళాలి అన్నదే లెక్క.

ఇక డబ్బు సంగతికి వస్తాను. ఇక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో ఒక్కో జట్టు సీజన్‌లో 24 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో 12 హోమ్. 2019 నుంచి ఒక వారం మ్యాచ్‌లన్నీ బ్రిస్బేన్‌లో ఒకే స్టేడియంలో పెడుతున్నారు, దాన్ని మ్యాజిక్ రౌండ్ అంటారు. కొన్ని జట్లకు అక్కడ ఒక హోమ్ మ్యాచ్ పోతుంది. క్లబ్ ఇంకో రెండు బయట అమ్మితే సొంత ఊరికి మిగిలేది తొమ్మిది. ఆరేడు నెలల సీజన్‌లో తొమ్మిది సాయంత్రాలు. అందులో ఒకటి వానకి, ఒకటి పిల్లల పరీక్షకి పోతే? మీ అన్నయ్యగారి బాధ సగం ఇక్కడే ఉందనుకుంటాను.

"అమ్మితే" అని ఊరికే అనలేదు. జట్టు లేని ఊరి ప్రభుత్వమో టూరిజం శాఖో క్లబ్‌కి ఇంత అని ముందే డబ్బు కడుతుంది. సొంత గ్రౌండ్‌లో అయితే వాన పడితే జనం రారు, గేటు డబ్బు తగ్గుతుంది. బయట ఆడితే వానొచ్చినా ఎండొచ్చినా చెక్కు వస్తుంది. ఈల్స్ కొన్నేళ్ళు ఏడాదికో హోమ్ మ్యాచ్ డార్విన్‌లో ఆడింది, విమానంలో నాలుగున్నర గంటల దూరం. పెన్‌రిత్ జట్టు బాథర్స్ట్‌కి ఒకటి తీసుకెళ్తుంది. సౌత్ సిడ్నీ కెయిర్న్స్‌లో ఆడింది. పైగా సిడ్నీ పేటల్లోని గ్రౌండ్లు చాలావరకు పాతవి. సీట్ల బదులు సగం గడ్డి దిబ్బ, కార్పొరేట్ బాక్సులు తక్కువ. పెద్ద స్టేడియం వాళ్ళు మంచి ఒప్పందం ఇస్తే క్లబ్ లెక్కల మనిషి వద్దనలేడు.

వెళ్ళిన చోట వాళ్ళ సంతోషం కూడా నిజమే. దాన్ని కాదనను. 2024 ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ మొదటి హోమ్ మ్యాచ్‌లు మా వైజాగ్‌లో ఆడింది. మా తమ్ముడు చెన్నై మ్యాచ్‌కి వెళ్ళి, ధోనీ సిక్సులు కొడుతుంటే అక్కడి నుంచే ఫోన్ చేశాడు. గోలలో వాడి మాట ఒక్కటీ వినపడలేదు. డార్విన్ పిల్లలకీ ఏడాదికొకసారి అలాంటి రోజే. అయితే ఆ రాత్రి ఢిల్లీలో ఎవరో ఒక ముసలాయన టీవీ ముందు కూర్చుని ఉంటారు, అది కూడా నాకు గుర్తొచ్చింది. హైదరాబాద్ వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. దక్కన్ ఛార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఐపీఎల్ గెలిచింది. మరుసటి ఏడాది ఛాంపియన్లుగా సొంత ఊళ్ళో ఆడాల్సిన మ్యాచ్‌లు, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు కావడంతో నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకి వెళ్ళిపోయాయి. కప్పు గెలిచిన జట్టుని ఆ ఏడాది ఊళ్ళో ఒక్క రోజు కూడా చూసుకోలేదు మనవాళ్ళు.

తప్పనిసరి మార్పులకి ఇక్కడి అభిమానులు కోప్పడరు. కొవిడ్ వల్ల న్యూజిలాండ్ వారియర్స్ 2020 నుంచి ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి ఆడింది. ఆటగాళ్ళు నెలల తరబడి ఇళ్ళకి దూరం. 2022 జూలై 3న ఆక్లండ్‌లోని మౌంట్ స్మార్ట్ స్టేడియానికి తిరిగొస్తే జనం పోటెత్తారు. సిడ్నీ జట్టు వెస్ట్స్ టైగర్స్‌పై 22-2తో గెలిచింది. ఆ సీజన్‌లో వారియర్స్ పట్టికలో కింది వరసలో ఉన్న జట్టు, ఎవరూ ఆ లెక్క చూడలేదు. పెన్‌రిత్ వాళ్ళ స్టేడియం తిరిగి కడుతున్నారని 2025లో వాళ్ళు హోమ్ మ్యాచ్‌లను మా పారామటాలో ఆడారు. వరసగా నాలుగుసార్లు ఛాంపియన్ అయిన జట్టు, మాకు బద్ధ ప్రత్యర్థి. అయినా ట్రైన్‌లో నల్ల చొక్కాలు వేసుకున్న ఒక కుటుంబం, నిద్రపోతున్న చంటిపిల్లని భుజాన వేసుకుని పెన్‌రిత్ దాకా తిరిగి వెళ్తుంటే, 2017లో మేమే గుర్తొచ్చాం.

అన్ని తరలింపులూ ఒకటి కాదు. ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ జట్టు కాటలాన్స్ డ్రాగన్స్ 2019 మేలో ఒక హోమ్ మ్యాచ్‌ని బార్సిలోనా క్యాంప్ నౌలో ఆడింది. సరిహద్దు దాటినా రెండు వైపులా కాటలాన్ జనమే, కారులో రెండు గంటల ప్రయాణం. 31,555 మంది వచ్చారు, ఇంగ్లండ్ జట్టు విగన్‌ని 33-16తో ఓడించారు. అభిమానులు జట్టుతో పాటు వెళ్ళగలిగిన మార్పు అది. 2024లో మొదలైన ఎన్‌ఆర్‌ఎల్ లాస్ వేగస్ మ్యాచ్‌ల సంగతి వేరు. తొలి ఏడాది 40 వేల మంది వచ్చారు. ఆట అమెరికాకి తెలియాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ మా వీధిలో ఎవరూ విమానం టికెట్ కొని వెళ్ళలేదు, వెళ్ళలేరు కూడా.

నాకు అన్నిటికంటే భయం వేసే కథ నార్త్ సిడ్నీ బేర్స్‌ది. 1908లో పోటీ మొదలైనప్పటి నుంచీ ఉన్న క్లబ్. డబ్బు ఇబ్బందులతో నార్త్ సిడ్నీ ఓవల్ వదిలి, ఉత్తరాన డెబ్భై అయిదు కిలోమీటర్ల దూరంలోని గాస్‌ఫర్డ్‌కి మారాలనుకున్నారు. అక్కడ స్టేడియం కట్టడం ఆలస్యమైంది, అప్పులు పెరిగాయి, 1999 తర్వాత ఇంకో సిడ్నీ క్లబ్ మాన్లీతో కలిపేశారు. నార్తర్న్ ఈగిల్స్ అన్న ఆ ఉమ్మడి జట్టు కొన్ని మ్యాచ్‌లు గాస్‌ఫర్డ్‌లో, కొన్ని మాన్లీ వాళ్ళ గ్రౌండ్ ఉన్న బ్రూక్‌వేల్‌లో ఆడింది. ఇటు వాళ్ళూ సొంతం అనుకోలేదు, అటు వాళ్ళూ అనుకోలేదు. 2002తో అయిపోయింది. మాన్లీ పాత పేరుతో నిలబడింది, బేర్స్ పెద్ద పోటీ నుంచి పోయింది. ఇప్పుడు 2027లో పెర్త్ బేర్స్‌గా ఆ పేరు తిరిగొస్తోంది, ఖండానికి అటు చివర. ఆ ఎరుపు, నలుపు చొక్కా మళ్ళీ చూడగలిగినందుకు నార్త్ సిడ్నీ వాళ్ళు సంతోషిస్తారు, సంతోషించాలి కూడా. కానీ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడిచి వెళ్ళే మ్యాచ్ మాత్రం కాదు అది.

2019 ఏప్రిల్ 22, ఈస్టర్ సోమవారం. పారామటాలో 30 వేల సీట్ల కొత్త స్టేడియంలో మొదటి ఎన్‌ఆర్‌ఎల్ మ్యాచ్. ఈల్స్ 51, టైగర్స్ 6. అంత దగ్గరగా, అంత గట్టిగా జనం అరుపు నేను ఎప్పుడూ వినలేదు. నాకు తెలియకుండానే కళ్ళు తడిశాయి. పెద్దాయనకి కూడా టికెట్ తీసి, వారం ముందే ఇంటికెళ్ళి ఇచ్చాను. ఆ రోజు వచ్చారు, పార్క్‌లో రెండుసార్లు బెంచీ మీద కూర్చుని మరీ. తర్వాత మళ్ళీ రాలేదు. ఆరోగ్యం బానే ఉంది, రెండేళ్ళలో అలవాటు తప్పిపోయింది. గేటు దగ్గర ఆవిడ కూడా మారిపోయింది.

మీ అన్నయ్యగారికి రెండు పనికొచ్చే మాటలు. మెంబర్‌షిప్ కట్టే ముందు ఎన్ని మ్యాచ్‌లు ఏ గ్రౌండ్‌లో అని రాసి ఉందో చదవమనండి. నా ఆఫీసులో ఒకావిడ కట్టేశాక తెలుసుకుంది, ఒక మ్యాచ్ మూడు గంటల డ్రైవ్ దూరంలో ఉందని. అడిగితే బదులుగా వేరే మ్యాచ్‌కి టికెట్లు ఇచ్చారు, అడగకపోతే ఇచ్చేవారు కాదు. రెండోది, సిడ్నీ ప్రాంతంలోనే తొమ్మిది క్లబ్బులున్నాయి. కాబట్టి ఆయన జట్టు ఎదుటి ఊరి గ్రౌండ్‌లో ఆడే మ్యాచ్, మార్చేసిన హోమ్ మ్యాచ్ కంటే దగ్గర్లో ఉండొచ్చు. టైగర్స్ గ్రౌండ్లలో ఒకటైన లైకార్ట్ ఓవల్‌లో వాళ్ళతో మ్యాచ్ ఉంటే వెళ్ళమనండి, గడ్డి దిబ్బ మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, పిల్లలు దొర్లుకుంటూ ఆడుకుంటారు. డార్విన్ మ్యాచ్ ఉన్న ఏళ్ళలో మేము చేసింది అదే.