మొదటిసారి స్థలం కొంటున్నారా? ముందు సర్వే నంబరు అడగండి

మీరు రాసింది చదివాను. విశాఖ ఆటోనగర్‌లో ఉద్యోగం, వయసు ఇరవై తొమ్మిది, దాచుకున్నది 9 లక్షలు. ఆనందపురం దాటాక ఒక లేఅవుట్‌లో 150 గజాల ప్లాటు చూపించి, శుక్రవారం లోపు లక్ష అడ్వాన్సు కట్టమంటున్నారు. మంచి రోజులు దాటిపోతాయని అమ్మగారు తొందరపెడుతున్నారు. ప్లాటు కొనాలా, ఫ్లాటు కొనాలా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

శుక్రవారం ఆ లక్ష మాత్రం కట్టకండి. ప్లాటు మంచిది కాదని అనడం లేదు. ఆ నేల సర్వే నంబరు, అంటే రెవెన్యూ రికార్డుల్లో దాని గుర్తింపు నంబరు, ఎంతో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు, అందుకు చెబుతున్నాను.

2016లో మేమూ అటువైపే ఒక స్థలం చూశాం. వెనక కొండ, ముందు తారురోడ్డు. చూడగానే మనసు పడ్డాం. మర్నాడే 50 వేలు నగదుగా ఇచ్చేశాం. రసీదు తెల్లకాగితం మీద రాసిచ్చారు. దస్తావేజులు రాసే మా బంధువు ఒకాయన ఆ సంగతి విని "సర్వే నంబరు ఎంతమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. బ్రోకరును అడిగితే రేపు, మాపు అంటూ రెండు వారాలు తిప్పారు. చివరికి చెప్పిన నంబరును రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత భూముల జాబితాలో వెతికితే, ఉంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అది. 8 నెలలు తిరిగితే 30 వేలు వెనక్కి వచ్చాయి. మిగతా 20 వేలు పోయాయి. ఆ రోజుల్లో అది మా ఆయన జీతంలో పెద్ద భాగం.

రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ పేరుతో ఆ జాబితానే అందరూ 22-ఏ అంటారు. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (మా డి-పట్టా లాంటివి), దేవాదాయ, వక్ఫ్ భూములు, అర్బన్ సీలింగ్ అంటే పట్టణ భూపరిమితి చట్టం కింద తేలిన మిగులు భూములు అందులో ఉంటాయి. విశాఖలో ఇవన్నీ పక్కపక్కనే కలిసిపోయి కనిపిస్తాయి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ పంచగ్రామాల్లో ఇళ్ళు కట్టుకుని ఏళ్ళ తరబడి కాపురం ఉంటున్నవాళ్ళు కూడా సింహాచలం దేవస్థానం భూముల వివాదం వల్ల రిజిస్ట్రేషన్లకు ఎన్ని ఇబ్బందులు పడ్డారో ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. నేలను కంటితో చూస్తే ఇవేవీ కనపడవు.

సర్వే నంబరు తెలిశాక ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రం, తీయండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. కోర్టు కేసు, నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని వీలునామా అందులో కనిపించవు. అందుకే లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, అన్నీ జిరాక్సులు తీసుకుని, ఒక సివిల్ లాయరు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకోవాలి. లాయరు మీరు పెట్టుకున్నవారై ఉండాలి, బ్రోకరు చూపించినవారు కాదు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి అయితే అక్కచెల్లెళ్ళు కూడా సంతకాలు పెడుతున్నారా అని తప్పకుండా అడగండి. మా పక్క వీధిలో ఒకాయన ఇల్లు కొన్న నాలుగేళ్ళకు, అమ్మినవారి చెల్లెలు వాటా కోసం దావా వేసింది. ఆమె తప్పేమీ లేదు. ఆమెను అడగకుండా అమ్మేశారు.

"పంచాయతీ అప్రూవ్డ్" అంటే అక్కడే ఆగండి. లేఅవుట్‌కు విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చే ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉందా, స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ రెరా ఇచ్చే నంబరు ఉందా చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు అయితే రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అనుమతి లేని లేఅవుట్‌లో బ్యాంకు లోను రావడం కష్టం, రేపు ఇంటి ప్లానుకు వెళ్ళినప్పుడు చిక్కు.

ఇంకొక పని, వర్షం పడిన మర్నాడు వెళ్ళి ఆ స్థలం చూడండి. మన దగ్గర గెడ్డలు, అంటే వాన నీళ్ళు పారే వాగులు, పూడ్చి ప్లాట్లు వేసినచోట్లు ఉన్నాయి. ఎండాకాలంలో చూస్తే అది ఒకప్పటి కాలవని తెలియదు. పక్క ఊరి పెద్దవాళ్ళను అడిగితే "ఇక్కడ నీళ్ళు వచ్చేవమ్మా" అని వాళ్ళే చెబుతారు.

ఇక డబ్బు సంగతి. మీ 9 లక్షలతో ఎంతవరకు వెళ్ళొచ్చో మా ఫ్లాటు లెక్కతో చెబుతాను. 2019లో మధురవాడలో రెండు పడకగదుల పాత ఫ్లాటు 40 లక్షలకు కొన్నాం. 30 లక్షలు దాటిన హోమ్‌లోనుకు బ్యాంకు విలువలో 80 శాతం వరకే ఇస్తుంది కాబట్టి 32 లక్షలు వచ్చింది. 8 లక్షలు మా చేతివి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 3 లక్షలు. దానికి లోను రాదు. లాయరు, బ్యాంకు ఫీజులు, రంగులు, గ్రిల్స్ కలిపి ఇంకో అర లక్ష. మొత్తం 11న్నర లక్షలు ముందే ఉండాల్సి వచ్చింది. ఈ లెక్క ముందే వేసుకోకపోతే రిజిస్ట్రేషన్ రోజున ఎంత టెన్షనో నాకు తెలుసు, మేము చివర్లో మా అమ్మ బంగారం తాకట్టు పెట్టాం.

అద్దెకు ఇచ్చి ఈఎంఐ కట్టేద్దాం అనుకుంటే అదీ కుదరదు. మా పక్కనే అలాంటి ఫ్లాటుకు అప్పట్లో నెలకు 12 వేలు అద్దె. 32 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు ఈఎంఐ దాదాపు 27,800. మిగతా దాదాపు 16 వేలు ప్రతి నెలా మన జేబులోంచే. మేము ఉండడానికి కొన్నాం కాబట్టి భరించాం. పెట్టుబడి కోసమే అయితే నేను ఈ ఫ్లాటు కొనేదాన్ని కాదు. ఫ్లాటు కొంటే మీ వాటాకు నేల ఎన్ని గజాలు వస్తుందో దస్తావేజులో చూడండి. కట్టడం పాతబడుతుంది, నేలకే విలువ. సముద్రానికి దగ్గరైతే స్లాబు పెచ్చులు, తుప్పు పట్టిన ఊచలు కూడా చూసి మరీ బేరం ఆడండి.

మీ విషయంలో నాకు తోచింది చెబుతాను. ఆరు నెలల ఖర్చులకు సరిపడా 2 లక్షలు ముట్టుకోకండి. మిగిలిన 7తో ఇప్పుడే పెద్ద లోను తలకెత్తుకోకుండా, కాగితాలు శుభ్రంగా ఉన్న చిన్న ప్లాటు దొరికితే చూడండి, లేదంటే ఇంకో ఏడాది దాచండి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి, ధర రెట్టింపవుతుంది అని అమ్మేవాళ్ళ మాట మీద మాత్రం పోకండి. పెరిగే ధర కంటే, రేపు మీకు అవసరమొస్తే అమ్మగలరా లేదా అన్నదే నాకు ముఖ్యం.

అమ్మగారితో మంచి రోజు గురించి వాదించకండి. "ముహూర్తం రిజిస్ట్రేషన్‌కు చూద్దాం, అడ్వాన్సుకు కాదు" అని చెప్పండి, ఒప్పుకుంటారు. మా అత్తగారు అలాగే ఒప్పుకున్నారు. శుక్రవారం బ్రోకరుకు ఫోన్ చేసి సర్వే నంబరు, ఎల్‌పీ నంబరు, లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు వాట్సాప్‌లో పంపమనండి. లాయరుకు చూపించి పది రోజుల్లో చెబుతానని చెప్పండి. నిజమైన అమ్మకందారుకు పది రోజులు పెద్ద విషయం కాదు.