అమెరికాలో ఇంజిన్ పెద్ద రిపేర్‌కి నమ్మకమైన మెకానిక్‌ని ఎలా పట్టుకోవాలి?

కాలిఫోర్నియాలో పాత హోండాకి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పై భాగానికీ మధ్య ఉండే సీల్) పోయిందంటున్నారు, వేల డాలర్లు అడుగుతున్నారు, నమ్మొచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ మాటకి రుజువు అడగండి. బ్లాక్ టెస్ట్ అని ఒకటుంది. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, పోసే మూతి దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా అక్కడి గాలిని లాగుతారు. సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. మీ ముందే చేసి చూపించమనండి. లీకు చిన్నదైతే ఒక్కోసారి రంగు మారకపోవచ్చు, అప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ లీకవుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేయించాలి. ఏ టెస్టూ లేకుండా ఇంజిన్ విప్పుదామనే షాపు నుంచి బండి తీసుకొచ్చేయండి.

గోడ మీద ఏఎస్‌ఈ (మెకానిక్‌లకి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) బోర్డు చూసి ఆగిపోకండి. మీ బండి విప్పే మనిషి వాళ్ల ఇంజిన్ రిపేర్ పరీక్ష, అంటే ఏ1, పాసయ్యాడా అని అడగండి. వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు చెప్పే షాపులు మంచివే కావచ్చు, కానీ చాలామంది అక్కడ చేయించింది ఆయిల్ మార్పే!

కాలిఫోర్నియాలో షాపుకి బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఎస్టిమేట్ రాసివ్వాలి, మీరు ఒప్పుకోకుండా అంతకు మించి తీసుకోకూడదు. మార్చి తీసేసిన పాత పార్టులు మీకు తిరిగి కావాలంటే బండి అప్పగించేటప్పుడే చెప్పండి.